విశాఖ వాలు మీద గడ్డి మెషిన్: ఇంజిన్ కన్నా ముందు చక్రం చూడండి

గడ్డి కోసే మెషిన్ కావాలని షాపులో అడిగితే మొదట వినిపించేది హార్స్ పవర్. తర్వాత ఇంజిన్ కంపెనీ పేరు, ఆ తర్వాత డిస్కౌంటు. మనిషి వెనకాల పట్టుకుని నడుస్తుంటే చక్రాలు వాటంతట అవే తిరిగే సెల్ఫ్ ప్రొపెల్డ్ మోవర్ విషయంలో ఈ వరస మొత్తం తలకిందులని నా వాదన. అలాంటి మెషిన్ ఏళ్ల తరబడి మన్నుతుందా, రెండో వర్షాకాలానికే షెడ్డులో మూలపడుతుందా అన్నది చాలాసార్లు ఇంజిన్ తేల్చదు. ఇంజిన్‌కీ చక్రానికీ మధ్య ఉన్న బెల్టు, కేబుల్, గేర్ బాక్స్, చక్రం లోపలి పళ్లు తేలుస్తాయి. అవి పాడైనప్పుడు మన ఊళ్లో స్పేర్లు దొరుకుతాయా అన్నది తేలుస్తుంది. విశాఖలో ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. ఇక్కడ కొండ వాలు మీద లాన్లు, గాలిలో ఉప్పు, నేలలో ఎర్రమట్టి, రాయి.

నా ఉద్యోగమంతా మెషినరీ మెయింటెనెన్స్‌లోనే గడిచింది. ఇప్పుడు ఎండాడ వైపు ఒక లేఅవుట్‌లో ఉంటున్నాం. అసోసియేషన్‌లో తోట వ్యవహారం నా నెత్తిన పడింది. రిటైరైనవాడికి పనేముంటుందని అందరికీ గట్టి నమ్మకం కదా. కాబట్టి కింద రాసేదంతా లాన్ అందం గురించి కాదు, ఆ లాన్‌ను వారం వారం కోసే యంత్రం గురించి, దాన్ని పట్టుకుని నడిచే మనిషి గురించి.

ముందు హార్స్ పవర్ సంగతి తేల్చేస్తాను. అమెరికాలో మోవర్ ఇంజిన్ల హార్స్ పవర్‌ను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెబుతున్నారని కంపెనీల మీద కేసులు పడ్డాయి, 2010లో సెటిల్‌మెంట్ అయ్యింది. ఆ గొడవ నాటి నుంచి చాలామంది తయారీదారులు సీసీ, టార్క్ (అంటే తిప్పే బలం) చెప్పడానికి మళ్లారు. 21 అంగుళాల బ్లేడుకు 160 సీసీ చుట్టుపక్కల ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ సరిపోతుంది. సిలిండర్‌లో ఇనుప స్లీవు ఉందా, వాల్వులు పైన ఉన్నాయా అని రెండు ప్రశ్నలు అడగండి. హోండా జీఎక్స్‌వీ160 లాంటి 163 సీసీ ఇంజిన్లలో ఆ రెండూ ఉంటాయి. ఆయిల్ సరిగ్గా మారుస్తూ, ఎయిర్ ఫిల్టర్ దులుపుతూ ఉంటే ఇలాంటి ఇంజిన్ అంత తొందరగా చావదు. అక్కడితో ఇంజిన్ చర్చ చాలు.

ఇక అసలు సంగతి. హ్యాండిల్ దగ్గర డ్రైవ్ కమ్మీని నొక్కగానే ఏం జరుగుతుందో చూడండి. సాధారణ మోడళ్లలో కమ్మీ ఒక కేబుల్‌ను లాగుతుంది. కేబుల్ కింద ఉన్న చిన్న గేర్ బాక్స్‌ను వెనక్కి వంచుతుంది. అప్పటిదాకా వదులుగా ఉన్న బెల్టు బిగుస్తుంది. ఇంజిన్ తిప్పుతున్న పుల్లీ నుంచి ఆ బెల్టు ద్వారా గేర్ బాక్స్ తిరుగుతుంది, దాంతో ఇరుసు తిరుగుతుంది. ఇరుసు చివర బొటనవేలంత పళ్ల చక్రం ఉంటుంది. అది పెద్ద చక్రం లోపలి అంచున ఉన్న పళ్లను పట్టి తిప్పుతుంది. మనిషికి బరువు తెలియకుండా ముప్పై నలభై కిలోల యంత్రం వాలు ఎక్కుతోందంటే ఆ పళ్ల పుణ్యమే.

చవక మోడళ్లలో పెద్ద చక్రం లోపలి పళ్లు ప్లాస్టిక్‌వి. వాటిని కప్పే దుమ్ము మూత ఉండదు, ఉన్నా పేరుకే. మా అసోసియేషన్‌లో పాత మెషిన్ అలాంటిదే. మా తోట చూసే ఆయన ఒకరోజు వచ్చి, "బాబుగారూ, ఇది నన్ను లాగట్లేదండి, నేనే దీన్ని లాగతన్నాను" అన్నాడు. చక్రం బోల్టు విప్పి చూస్తే లోపలంతా ఎర్రమట్టి, సన్న ఇసుక, గడ్డి తునకలు, గ్రీజుతో కలిసి గట్టి ముద్దలా ఉంది. గోరుతో గీకితే గరగరలాడింది. ఆ ముద్దే ఆకురాయిలా పళ్లను అరగదీసేసింది. వేలు పెట్టి తడిమితే పళ్లు తగలడం లేదు, అలల్లా ఎత్తుపల్లాలు తప్ప. ఇంజిన్ మాత్రం తాడు లాగగానే స్టార్టవుతోంది, చెక్కుచెదరలేదు. కొత్త చక్రాల కోసం అడిగితే అమ్మిన షాపువాళ్లు "ఆ మోడల్ ఆపేశారు సార్, కొత్తది తీసుకోండి" అన్నారు. బాగున్న ఇంజిన్‌తో సహా మొత్తం మెషిన్‌ను పాత ఇనుముకు వేయమని సలహా అన్నమాట!

అందుకే షాపులో మొట్టమొదట చక్రం విప్పి చూపించమని అడగండి. ఒక్క బోల్టు పని. విప్పనంటే ఆ షాపు నుంచి బయటికి వచ్చేయండి. లోపల పళ్లు లోహంవా, ప్లాస్టిక్‌వా, దుమ్ము మూత ఉందా, చక్రం మధ్యలో బాల్ బేరింగ్ ఉందా, ఉత్త బుష్షేనా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి, డ్రైవ్ కమ్మీ వదిలేసి, మెషిన్‌ను వెనక్కి లాగండి. రెండు చక్రాలూ తేలిగ్గా తిరగాలి. లోపల చిన్న మేకులాంటి కీ ఒకటి, ముందుకైతే పట్టి, వెనక్కైతే వదిలేసేలా ఉంటుంది. అందులో ఇసుక ఇరుక్కుంటే చక్రం వెనక్కి తిరగదు, ఈడ్చాల్సిందే. కొత్త మెషిన్‌లోనే బిగుతుగా ఉంటే వర్షాకాలం తర్వాత ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ముందు చక్రాలు తిరిగే రకమా, వెనక చక్రాలు తిరిగే రకమా? చదును లాన్‌కు ముందు చక్రాల రకం బాగుంటుంది. హ్యాండిల్ కాస్త కిందికి నొక్కితే ముందు చక్రాలు లేస్తాయి, మూల దగ్గర సులువుగా తిప్పుకోవచ్చు. స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో క్వార్టర్ ముందు చదునుగా ఉండే పచ్చికకైతే నేనూ అదే చెబుతాను. కానీ ఎండాడ, రుషికొండ, మధురవాడ కొండ వాలు లేఅవుట్లకు అది పనికిరాదు. కారణం సులువే. గడ్డి సంచి వెనక ఉంటుంది. అది నిండేకొద్దీ బరువు వెనక్కి పోతుంది. పైగా వాలు ఎక్కేటప్పుడు బరువు ఇంకా వెనక్కి జారుతుంది. ముందు చక్రాల మీద బరువు తగ్గి, తడి గడ్డి మీద అవి ఉన్నచోటే గిరగిర తిరుగుతూ లాన్‌ను గోకుతాయి. వెనక చక్రాల రకానికి అదే బరువు పట్టునిస్తుంది. డెమో అడిగితే ఖాళీ సంచితో షాపు ముందు సిమెంట్ రోడ్డు మీద నడిపి చూపిస్తారు. దాంతో తెలిసేదేమీ లేదు. సంచిలో తడి గడ్డి నింపి, మీ లాన్‌లో ఎక్కువ వాలు ఉన్నచోట నడిపించమనండి.

స్పీడు గురించి కూడా ఒక మాట. ఒకే స్పీడు ఉన్న మెషిన్లు చవక. కానీ జులై, ఆగస్టుల్లో వానలు పడ్డాక గడ్డి ఎలా ఎగబాకుతుందో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఒత్తు గడ్డిలో బ్లేడు పూర్తి వేగంతో తిరగాలి, మెషిన్ మాత్రం నెమ్మదిగా కదలాలి. ఒకే స్పీడుదైతే ఇంజిన్ గుక్కపట్టి ఆగిపోతుంది, లేకపోతే మనిషి దాన్ని వెనక్కి పట్టి ఆపుతూ నడవాలి. అది తోయడం కన్నా కష్టం. కాబట్టి స్పీడు మార్చుకునే వీలు ఉండాలి. ఆయిల్ ఒత్తిడితో నడిచే హైడ్రోస్టాటిక్ డ్రైవ్ చాలా సాఫీగా ఉంటుంది, కాదనను. కానీ అది పాడైతే మన మెకానిక్‌లు విప్పి బాగుచేసేది కాదు, యూనిట్ మొత్తం మార్చాలి. ఆ యూనిట్ విశాఖలో దొరకకపోతే అంతే సంగతులు. నేనైతే బెల్టు, గేర్ బాక్స్ రకానికే ఓటు వేస్తాను. బెల్టు జారితే కేబుల్ దగ్గర నట్టు కాస్త తిప్పి బిగించుకోవచ్చు, తెగితే బెల్టు మార్చుకోవచ్చు. అయితే సైజు కలిసిందని ఏదో ఒక మామూలు బెల్టు వేయకండి. ఈ బెల్టు క్లచ్ పని కూడా చేస్తుంది, వదులవుతూ బిగుస్తూ జారుతూ ఉంటుంది. మామూలుది కాలి కమురు వాసన కొడుతుంది.

ఇంకో విషయం ఎవరూ పట్టించుకోరు. హ్యాండిల్ మీద రెండో కమ్మీ ఉంటుంది, దాన్ని వదిలితే బ్లేడు ఆగాలి. అమెరికాలో 1982 నుంచి ఉన్న రూల్ ప్రకారం చేయి వదిలిన మూడు సెకన్లలోపు బ్లేడు ఆగిపోవాలి. మనం కొనే చాలా మెషిన్లలో కూడా అదే ఏర్పాటు ఉంటుంది. మన ఊళ్లో ఏ అపార్ట్‌మెంట్ తోటకైనా వెళ్లి చూడండి. ఆ కమ్మీని హ్యాండిల్‌కు ప్లాస్టిక్ తాడుతోనో, పాత సైకిల్ ట్యూబుతోనో కట్టేసి ఉంటుంది. ఎందుకంటే చాలా మెషిన్లలో కమ్మీ వదలగానే ఇంజిన్ కూడా ఆగిపోతుంది. సంచి నిండిన ప్రతిసారీ ఆపడం, పారబోయడం, మళ్లీ తాడు లాగి స్టార్ట్ చేయడం. వానాకాలంలో పది అడుగులకు ఒకసారి సంచి నిండుతుంది. ఆ ఉక్కలో అన్నిసార్లు తాడు లాగమంటే ఎవరైనా కమ్మీ కట్టేస్తారు. దాన్ని తోటమాలి నిర్లక్ష్యం అనడం నాకు నచ్చదు. అది కొన్నవాళ్ల పొదుపు. బ్లేడుకు విడిగా క్లచ్ ఉన్న మోడళ్లు ఉన్నాయి, వాటిలో బ్లేడు ఆగుతుంది, ఇంజిన్ నడుస్తూనే ఉంటుంది. రేటు ఎక్కువే. రోజూ కోసే పెద్ద లాన్ ఉన్న అసోసియేషన్లు మాత్రం ఆ ఎక్కువ పెట్టాలి. ఆకుల్లో దాక్కున్న రాయిని తీయబోయిన చేతికి ఆ తేడా తెలుస్తుంది.

రాయి అంటే గుర్తొచ్చింది. మన కొండలు చాలావరకు ఖొండలైటు అనే రాయి, వాన పడిన ప్రతిసారీ మట్టి కొట్టుకుపోయి చిన్నచిన్న రాళ్లు పైకి తేలుతుంటాయి. బ్లేడు రాయికి తగిలి ఠంగుమని మెషిన్ ఆగిపోతుంది. తర్వాత ఎంత లాగినా స్టార్ట్ కాదు, లేదా తాడును చేతిలోంచి వెనక్కి గుంజుకుంటుంది. మెకానిక్ వచ్చి కార్బ్యురేటర్ విప్పుతాడు, ప్లగ్గు మారుస్తాడు, కాయిల్ పోయిందంటాడు. చాలాసార్లు పోయేది ఫ్లైవీల్ కీ, అంటే ఇంజిన్ మీద తిరిగే బరువైన చక్రాన్ని దాని ఇరుసు మీద సరైన చోట నిలిపేది. అగ్గిపుల్ల కన్నా కాస్త మందంగా ఉండే చిన్న లోహపు ముక్క అది. కొన్ని ఇంజిన్లలో దాన్ని కావాలనే మెత్తటి లోహంతో చేస్తారు. దెబ్బ తగిలినప్పుడు ముందు అది కోసుకుపోయి, లోపలి పెద్ద భాగాలను కాపాడాలని. కీ సగం కోసుకుపోయినా ఫ్లైవీల్ కాస్త పక్కకు తిరుగుతుంది, నిప్పురవ్వ వేళ తప్పుతుంది. ఆ మెత్తటి కీ బదులు "గట్టిగా ఉంటుంది సార్" అంటూ స్టీలు ముక్క అరగదీసి పెట్టే మహానుభావులు ఉన్నారు. వాళ్లను దగ్గరికి రానివ్వకండి. ఈసారి రాయి తగిలితే ఆ దెబ్బంతా ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ షాఫ్ట్ మీద పడుతుంది, అది వంగితే ఇంజిన్‌తోనే తీరుతుంది. మెషిన్ కొనేటప్పుడే రెండు కీలు, ఒక బెల్టు, ఒక డ్రైవ్ కేబుల్, ఒక బ్లేడు, ఒక జత చక్రాలు అదే బిల్లులో రాయించుకోండి. వాటిని తెప్పించలేని డీలర్ రేపు ఏం తెప్పిస్తాడు?

సముద్రపు గాలి సంగతి విశాఖ వాళ్లకు కొత్తేమీ కాదు, బీచ్ రోడ్డు పక్క ఇళ్ల కిటికీ ఊచలు చూస్తే చాలు. బ్లేడును కప్పి ఉండే మోవర్ కింది డెక్ స్టీలు రేకుదైతే తుప్పు పైనుంచి కాదు, కిందినుంచి మొదలవుతుంది. కోసిన తడి గడ్డి లోపల అంటుకుని, దాని కింద పెయింట్ ఉబ్బి, ఒకరోజు బోల్టు చుట్టూ ఉన్న రేకు చేతికి వచ్చేస్తుంది. పోత అల్యూమినియం డెక్ ఇక్కడికి మేలు, బరువు కూడా పెద్ద తేడా ఉండదు. అందులో కూడా స్టీలు బోల్టులు బిగించినచోట తెల్లగా పొడి లేస్తుంది, కాస్త గ్రీజు రాస్తే చాలు. కోత అయ్యాక డెక్ కింద చెక్క ముక్కతో గీకించండి, హోసు పైపుతో గురి పెట్టి కొట్టనివ్వకండి, ఆ నీళ్లు బెల్టు దగ్గరికి, బేరింగుల్లోకి పోతాయి. మెషిన్ వంచే ముందు ప్లగ్గు వైరు పీకేయాలి. వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ పైవైపు ఉండాలి. రెండో వైపు వంచితే ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి, మర్నాడు తెల్ల పొగ చూసి ఇంజిన్ పోయిందని కంగారు పడతారు.

పెట్రోల్ ఇంకో తలనొప్పి. బంకుల్లో ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. చాలా మోవర్ ఇంజిన్ల మాన్యువల్స్ పది శాతం దాకానే ఒప్పుకుంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, విశాఖ గాలిలో తేమకు కొదవ లేదు. రెండు మూడు వారాలు వాడకుండా వదిలేస్తే కార్బ్యురేటర్ గిన్నెలో అడుగున నీళ్లు చేరి, పెట్రోల్ వెళ్లే సన్నటి జెట్ రంధ్రం పూడుకుపోతుంది. కాబట్టి కొనేటప్పుడే ట్యాంకు కింద పెట్రోల్ ట్యాప్ ఉన్నది చూసుకోండి. పని అయ్యాక ట్యాప్ కట్టేసి, ఇంజిన్ దానంతట అది ఆగేదాకా నడవనిస్తే గిన్నె ఖాళీ అవుతుంది. ఇరవై శాతానికి తగ్గట్టు తయారైందా అని డీలర్‌ను రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అందరూ అవుననే అంటారు.

ఇంటర్నెట్‌లో అమెరికా వాళ్ల రివ్యూలు చూసి కొనేవాళ్లు మా లేఅవుట్‌లోనే ఉన్నారు. వాళ్ల తప్పేం లేదు, తెలుగులో ఇలాంటివి ఎవరు రాస్తున్నారు గనక. కానీ ఆ రివ్యూల్లో ఉండే మోడళ్లు చాలావరకు ఇక్కడ అమ్మరు. హోండా అయితే అమెరికాలో పెట్రోల్ మోవర్ల తయారీనే 2023లో ఆపేసింది. ఇంజిన్లకు పేరుపడ్డ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 2020లో దివాలా పిటిషన్ వేసి చేతులు మారింది. అదీగాక అక్కడ చలికాలమంతా మెషిన్ మూల కూర్చుంటుంది. ఇక్కడ నీళ్లు పెడితే పన్నెండు నెలలూ గడ్డి పెరుగుతుంది. వారానికి రెండు గంటలు నడిపినా ఏడాదికి వంద గంటలు దాటుతుంది. వాళ్లు "ఎనిమిదేళ్లు వాడాం" అన్న మాటను సంవత్సరాల్లో కాకుండా గంటల్లో లెక్కేస్తే మనకు వచ్చే ఆయుష్షు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. చాలా ఇంజిన్లకు మొదటి ఆయిల్ అయిదు గంటలకే మార్చాలి, ఆ తర్వాత యాభై గంటలకోసారి మార్చుకుంటే మన వేడికి మంచిది. ఈ ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టర్ ఉండదు, మురికంతా ఆయిల్‌లోనే తిరుగుతుంటుంది.

"ఇంత తతంగం ఎందుకండీ, తోసే మెషిన్ కొంటే సగం డబ్బు మిగులుతుంది కదా" అని మా ట్రెజరర్‌గారు మీటింగులో అన్నారు. డబ్బు లెక్కలో ఆయన తప్పు చెప్పలేదు. కానీ ఆ మెషిన్‌ను తోసేది ఆయన కాదు, నేనూ కాదు. నడివయసు దాటిన ఒక మనిషి, తడి గడ్డి నిండిన సంచితో, వాలుకు అడ్డంగా, ఎండ చుర్రుమంటుంటే తోయాలి. ఆ మనిషి అలసిపోయి వారం దాటేస్తే గడ్డి ఇంకా పెరుగుతుంది. పొడవులో మూడో వంతుకు మించి ఒకేసారి కోయకూడదన్న నియమం గాలికి పోతుంది, లాన్ పసుపు పచ్చగా మారుతుంది, మళ్లీ నింద ఆ మనిషి మీదికే. కొనే ముందు ఆయన్ని షాపుకు తీసుకెళ్లి, హ్యాండిల్ ఎత్తు ఆయన నడుముకు సరిపడుతుందో లేదో చూసి, ఆయనచేత నడిపించి, ఆయన్నే అడగండి. మా తోట చూసే ఆయన ఒక ఖరీదైన మోడల్‌ను రెండు అడుగులు నడిపి, "కమ్మీ గట్టిగుందండి, గంట పట్టుకుంటే వేళ్లు పట్టేస్తాయి" అన్నాడు. ఏ బ్రోషర్‌లోనూ ఈ ముక్క ఉండదు.

బ్యాటరీ మెషిన్ల గురించి అడుగుతారని తెలుసు. కార్బ్యురేటర్ లేదు, పెట్రోల్ గొడవ లేదు, చప్పుడు తక్కువ. ఇంటి ముందు చిన్న లాన్ ఉన్నవాళ్లకు అదే మంచిదని నేనూ ఒప్పుకుంటాను. పెద్ద లాన్‌కు మాత్రం బ్యాటరీ ఖరీదు, అది పోతే ఇంకోటి ఎక్కడ దొరుకుతుందన్న టెన్షన్ రెండూ చూసుకోవాలి. ఎండలో వాడిన వేడి బ్యాటరీని వెంటనే చార్జింగ్‌లో పెట్టనివ్వకండి. ఇక మెక్సికన్ గడ్డి పెంచుకుని రెండు రోజులకోసారి ఓపిగ్గా కోసుకునేవాళ్లుంటే ఇంజిన్ లేని రీల్ మోవర్ చాలు, తోస్తుంటే డ్రమ్ములా తిరిగే కత్తులతో కోసేది. 1830లో ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, బట్ట మీద నూగు కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి కనిపెట్టిన రకం అది. కోత చాలా నున్నగా వస్తుంది. వానల్లో పది రోజులు వదిలేసిన గరిక మీద, తుంగ మీద మాత్రం అది పనిచేయదు, కోయకుండా వంచేసి వెళ్లిపోతుంది.

వాలు మరీ ఎక్కువైతే ఏ మోవరూ వద్దు. పదిహేను డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దని చాలా మాన్యువల్స్ చెబుతాయి. మనిషి జారి బ్లేడు మీద పడే ప్రమాదం ఒకటి, ఇంజిన్ మరీ ఒరిగిపోయి ఆయిల్ పైదాకా చిమ్మకపోవడం ఇంకోటి. మా లేఅవుట్ వెనక గట్టు అలాంటిదే. అక్కడికి నెలకోసారి బ్రష్ కట్టర్ కుర్రాణ్ణి పిలిపిస్తాం, ఎగిరే రాళ్లకు మొహానికి అద్దం, కాళ్లకు బూట్లు ఉంటేనే పని మొదలుపెట్టనిస్తాం. గట్టు కింది వరసలో ఈ వానలకు వట్టివేరు నాటించాలని తీర్మానం రాశాం. అది అల్లుకుంటే అక్కడ కోసే పని చాలావరకు తప్పుతుంది.